ముసుగు రాణిది ఏ చెయ్యి?

ఆ ఎండాకాలం ఎర్రగుంట్లలో మా సినిమా బొమ్మను చూడ్డానికి మొట్టమొదట వచ్చింది ముసలమ్మలు.

తప్పు వాళ్లది కాదు, నా గొంతుది. ఎద్దుల బండి ఎక్కి, ముందర పలకడప్పు కొట్టించుకుంటూ, "ముసుగు రాణి! మన ఊరికి వచ్చింది ముసుగు రాణి!" అని నేను వీధి వీధీ అరిచిన మాట నిజమే. అయితే అప్పటికే నా మాటల్లో సగం అక్షరాలు బయటికి వచ్చేవి, మిగిలిన సగం లోపలే చతికిలబడి బీడీలు తాగేవి. ముసుగు కాస్తా ముసలి అయి ఊళ్లో దిగింది. సాయంత్రానికి మా డేరా ముందర పదిమంది అవ్వలు చేతికట్టెలు ఆనించుకొని, వక్కాకు నములుతూ నిలబడ్డారు. వాళ్లకు ముందర జైనాబ్ బీ. దూదేకుల ఇంటి పెద్దామె. ఊరందరి పరుపులూ కుట్టి కుట్టి తన నడుము మాత్రం నిటారుగా నిలపడానికి లేకుండా చేసుకున్న మనిషి.

"ఏమప్పా, ముసలి రాణి అంటివే. యాడుండాది? మా ఈడుదేనా?"

"ముసలి కాదవ్వా, ముసుగు! ముసుగు!"

"నేనూ అదే అంటాండా గదప్పా. పండ్లుండాయా ఆమెకు, ఊడినాయా?"

ఇంకో రోజైతే ఆ మాటనే పట్టుకొని అరగంట నవ్వించేవాణ్ణి. ఆ రోజు ఓపిక లేక, చేత్తో లోపలికి దారి చూపించాను.

అది ముప్ఫై రెండో సంవత్సరం. బొంబాయిలో, మదరాసులో బొమ్మలు మాట్లాడుతున్నాయని అప్పటికే పేపర్లలో పడింది గానీ ఆ మాట మా దాకా రాలేదు. మా ఖాసిం సాహెబ్ డేరాలో బొమ్మలు ఇంకా మూగవే. మూకీ అనేవాళ్లం. మూకీని చూడ్డానికి మూక వస్తుంది, ఆ మూకకు కథ చెప్పడానికి నేను, కాశన్న. తెర పక్కన పొడుగాటి బెత్తం పట్టుకొని నిలబడి, ఎవరు రాజో, ఎవరు దొంగో, రాజు వేషంలో ఉండే దొంగ ఎవడో చూపించి చెప్పాలి. కర్ర పెత్తనం అంటే ఏమిటో లోకంలో సరిగ్గా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అని చెప్పుకునేవాణ్ణి. నలభై ఐదేండ్లు వచ్చేసరికి నాకు మిగిలిన ఆస్తి ఆ బెత్తం, ఈ గొంతు. గొంతు ఆ ఎండాకాలం కరిగిపోవడం మొదలుపెట్టింది. మిరియాల కషాయం తాగినాను, కరక్కాయ బుగ్గన పెట్టుకున్నాను. కాశన్న గొంతు కాశీకి పోయింది, కాశన్న మాత్రం ఎర్రగుంట్లలో ఉండిపోయినాడు.

ముసుగు రాణి అంటే బొంబాయి నుంచి వచ్చిన పాత బొమ్మ. తొమ్మిది రీళ్లు. అందులో ఒకామె ముక్కూ నోరూ మూసి కండ్లు మాత్రమే కనపడేట్టు నల్లగుడ్డ కట్టుకొని, గుర్రం మీద వచ్చి, మిద్దెల మీది నుంచి దూకి, ముప్ఫైమంది మగవాళ్లను ఒక్క కత్తితో తరిమేస్తుంది. మూడేండ్లుగా మాకు అన్నం పెట్టింది ఆమే. ఇంకేదైనా మంచి బొమ్మ తెద్దామంటే, "ఈమె కత్తికి తుప్పు పట్టేదాకా ఈమే" అనేవాడు ఖాసిం సాహెబ్.

డేరాలో తెర నడిమధ్యన ఉండేది. మిషన్ ఉండే పక్క మగవాళ్లు, తెరకు అవతలి పక్క ఆడవాళ్లు. ఘోషా ఇండ్ల వాళ్లు కూడా ధైర్యంగా వస్తారని సాహెబ్ చేసిన ఏర్పాటు అది. గుడ్డ తడిగా ఉన్నంతసేపే బొమ్మ అవతలికి దిగుతుంది. ఆరిందా, అవతలి పక్క బూడిద పూసినట్టు ఉంటుంది. అందుకని రీలు మార్చినప్పుడల్లా తెర మీద నీళ్లు చల్లాలి. ఆ పని నా భార్య బసమ్మది. ఊళ్లో బావులు అడుగంటినాయి కాబట్టి మైలు దూరం పోయి, నాపరాళ్ల గని గుంతలో పచ్చగా నిలబడిన నీళ్లు తెచ్చేది. ఆడవాళ్ల పక్క నుంచే చల్లేది, అక్కడే కూర్చునేది. మూడేండ్లుగా నేను ఈ పక్క, ఆమె ఆ పక్క.

"మా కాపురంలో నేను టాకీ, ఆమె మూకీ" అని ప్రతి ఊళ్లోనూ చెప్పి నవ్వించేవాణ్ణి. బసమ్మది పుట్టుకతో ఎడమచేతి వాటం. పెండ్లయిన కొత్తలో మా అమ్మ ఒక ఏడాది కష్టపడి మాన్పించింది. అయినా ఎవరూ చూడనప్పుడు చెంబు ఎడమ చేతిలోకి పోతుండేది. "ఎడమ చెయ్యి గదా, కొంచెం ఎడంగా పెట్టుకో" అని దాని మీద కూడా ఒక ఛలోక్తి చేసుకున్నాను. జనం నవ్వేవాళ్లు. ఆమె నీళ్లు చల్లేది.

మొదటిరోజు ఆట అయినాక ఖాసిం సాహెబ్ నన్ను పక్కకు పిలిచినాడు. మంచి మనిషి, చెడ్డమాట కూడా తమలపాకులో చుట్టి ఇచ్చేవాడు.

"కాశన్నా, ముసలోళ్లను పిలుచుకొచ్చింది నీ గొంతు. రేపు ఇంకెవర్ని పిలుచుకొస్తాదో."

"రెండు దినాల్లో సర్దుకుంటాది సాహెబ్."

"వానలు పడేదాకా ఈడనే ఆట. ఆ లోపల సర్దుకోకపోతే బళ్లారిలో ఒక మనిషుండాడు, తంతి కొట్టి పిలిపిస్తా. మనసులో పెట్టుకోవద్దు."

మనసులో కాక ఇంకెక్కడ పెట్టుకోవాలి? ఆ మాటను బసమ్మతో చెప్పలేదు. గొంతు లేదు గదా అని సాకు పెట్టుకున్నాను.

వారం తిరక్కుండా ఆడవాళ్ల పక్క గోల మొదలైంది. ఆయిల్ ఇంజన్ దడదడ ఒక పక్క, నా గొరగొర ఇంకో పక్క. తెరకు అవతలి నుంచి కేకలు: "ఏమప్పా, దోమ మాదిరి గుయ్యిమంటాండావు, ఒక్క ముక్కా వినపడదు!" "ఆ మీసాలోడు ఎవురు? రాణికి మొగుడా, మామా?"

నేను ఇంకా గట్టిగా అరవబోయి దగ్గు తెచ్చుకున్నాను. అప్పుడు తెర వెనక నుంచి నీళ్లు చల్లిన చప్పుడు, తర్వాత బసమ్మ గొంతు. పెద్దగా ఏమీ కాదు. పక్కింటామెతో గోడమీది నుంచి మాట్లాడినట్టు.

"మొగుడు కాదు, మామా కాదు. ఊరి పన్నులు తినే దివాను. సూస్తాండండి, ఇప్పుడు వానికుండాది."

అవతలి పక్క నిమ్మళమైంది. నాకు సగం పని తగ్గింది. ఆ తర్వాత రోజూ మగవాళ్లకు నేను, ఆడవాళ్లకు ఆమె. ఆమె ఏం చెబుతున్నదో నాకు వినపడేది కాదు. నా మాటల చప్పుడులో నాకు ఎప్పుడూ ఇంకొకరి మాట వినపడలేదు లెండి. కానీ నేను ఏ ఛలోక్తీ వేయని చోట అవతల నవ్వులు లేచేవి. నేను ఊపిరి తీసుకునే చోట అవతల ముక్కులు చీదేవాళ్లు. ఒకే బొమ్మ, ఒకే గుడ్డ. ఇవతల ఒక ఊరు, అవతల ఇంకో ఊరు.

రాను రాను అవతలి పక్క కిక్కిరిసిపోయింది. గని పనికి పోయే ఆడవాళ్లంతా వచ్చేవాళ్లు. వాళ్లకు రాణి కొత్త మనిషి కాదు. రాతి దుమ్ము లోపలికి పోకుండా వాళ్లూ రోజంతా ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకునే పని చేస్తారు. "మా మాదిరే దుమ్ములో పనిజేసే మనిషి" అని వాళ్లలో వాళ్లు తేల్చుకున్నారు. రాణి ఏ గనిలో పనిచేస్తుందని బసమ్మను అడిగినవాళ్లు కూడా ఉన్నారు. ఒక నెల గడిచేసరికి ఊళ్లో రాణి తెలియని ఇల్లు లేదు. రచ్చ గోడల మీద బొగ్గుతో రాణి. పరుపు గలీబు మీద జైనాబ్ బీ కుట్టిన రాణి. జొన్న దంట్లు విరుచుకొని, పైటకొంగు మూతికి చుట్టుకొని, "రారా దివానూ!" అని వీధుల్లో ఆడపిల్లలు. వాళ్లకు ఎదురుగా మొగపిల్లలు కూడా రాణులే. దివానుగా ఉండడానికి ఎవడూ ఒప్పుకోడు.

ఒక మధ్యాహ్నం, రాళ్లు కూడా వాసన కొట్టే ఎండలో, గని మేస్త్రి ఆదెన్న డేరాకు వచ్చినాడు. కొండంత మనిషి. కొండను పగలగొట్టి బతికే మనిషి గదా, అంతే ఉంటాడు. వచ్చి నా ముందర గొంతుక్కూర్చున్నాడు.

"కాశన్నా, ఒక మాట తేల్చు. రాణి కత్తి పట్టేది ఏ చేత్తో?"

"కుడి చేత్తో. ఎందుకప్పా?"

"విన్నావా! నేనూ అదే మొత్తుకుంటాండా. మా సుంకమ్మ ఎడమ అంటాది. ఎంత చెప్పినా ఎడమే అంటాది. వీధిలో పిల్లోళ్లను సూడు. మొగపిల్లోళ్లు కుడి చేత్తో దంటు తిప్పుతాండారు, ఆడపిల్లోళ్లు ఎడమ చేత్తో. వాళ్లూ కొట్టుకుంటాండారు. అదన్నా పోనీ. మూడు దినాలుగా సుంకమ్మ నాకు సంగటి ఎడమ చేత్తో పెడతాండాది!"

"ఎడమ చేత్తోనా!"

"ఎడమ చేత్తోనప్పా! ఇదేం రివాజు అంటే, రాణి ఎడమ చేత్తో ఊరినే కాపాడింటే నేను ఎడమ చేత్తో గంటె పట్టుకుంటే తప్పొచ్చిందా అని నన్నే అడుగుతాది. మా గనిలో పదిమంది ఇండ్లల్లో ఇదే పంచాయితీ."

నేను పడి పడి నవ్వినాను. నవ్వు కూడా సగమే వచ్చింది. "మూడేండ్లుగా రోజూ చూస్తున్నవాణ్ణి చెప్తాండా, కుడి చెయ్యి. పోయి మీ ఆమెకు చెప్పు" అని పంపించినాను.

ఆ నవ్వుతోనే డేరా వెనక గుడిసెలోకి పోయినాను. బసమ్మ రొట్టెకు పిండి తడుపుతోంది.

"ఇన్నావా బసమ్మా? ఈ ఊరి ఆడోళ్లకు రాణి ఎడమచేతి వాటమంట!"

ఆమె తలెత్తింది. "అవును గదా."

"ఏమవును?"

"రాణిది ఎడమ చెయ్యే గదా."

"నీకేమన్నా ఎండదెబ్బ తగిలిందా? మూడేండ్లు చూసి కుడి ఎడమ తెలీదా నీకు?"

"మూడేండ్లు సూసినాను గనకనే చెప్తాండా. కత్తి ఎడమ చేత్తో దూస్తాది, కళ్లెం కుడి చేత్తో పట్టుకుంటాది."

"నీ చెయ్యే అనుకున్నా, నీ కండ్లది కూడా ఎడమచేతి వాటమేనా!"

ఊరూరా చప్పట్లు కొట్టించుకునే రకం మాట అది. ఆ గుడిసెలో అది కిందపడి మట్టికొట్టుకుపోయింది. ఆమె పిండి చేతులను చూసుకుంటూ కూర్చుంది. తర్వాత కుడి చేత్తో రొట్టె తట్టడం మొదలుపెట్టింది, నెమ్మదిగా, కొత్తగా నేర్చుకుంటున్నదానిలాగా.

ఆ పొద్దు ఆటలో నాకు మనసు నిలబడలేదు. ఐదో రీలులో రాణి తన గుహలో ఒక్కతే కూర్చుని ముసుగు కట్టుకునే చోటు వస్తుంది. కొట్లాటలు లేని రీలు కాబట్టి నేను అక్కడ పెండ్లాల మీద ఛలోక్తులతో కాలం నెట్టేవాణ్ణి. ఆ రోజు నోరు ఊరకే ఉండింది. మొదటిసారి అవతలి మాట నాకు వినపడింది.

"...చిన్నప్పుటి నుంచి ఆమెకు ఎడమ చెయ్యే వాటం. అత్తగారింటికి పోయింది. అత్త సూసింది. ఇది దరిద్రపు చెయ్యి అన్నది. మొగుని పంచె పాతది చించి, ఆ పేలికతో ఎడమ చెయ్యిని నడుముకు కట్టేసింది. పొద్దున కడితే పడుకునేటప్పుడు ఇప్పేది. ఒక ఏడాది. కుడి చేత్తోనే కసువు ఊడ్చాల, కుడి చేత్తోనే నీళ్లు తోడాల. చేద జారి ఎన్నిమాట్లు కాలి మీద పడిందో. మొగుడు ఇంట్లోనే ఉండె. సూసి నవ్వేటోడు. చెడ్డోడు కాదు, నవ్వేటోడు. ఒక దినం ఆమె ఆ పేలికను ఇప్పుకొని, మొగానికి కట్టుకొని, గుర్రమెక్కింది. ఇప్పుడు సూడండి, మొగానికి కడతాందే, ఆ గుడ్డే అది."

పెండ్లయిన ఏడాది నాకు నీలి అంచు పంచె ఒకటి ఉండేది. అది ఎట్లా చిరిగిపోయిందో నేనెప్పుడూ అడగలేదు.

ఇంజన్ దడదడమంటోంది. ఆరో రీలు వచ్చింది, రాణి కత్తి దూసింది, ముప్ఫైమంది మగవాళ్లు మిద్దెల మీద పరుగెత్తుతున్నారు. నా బెత్తం నేల మీద ఆనించి ఉంది. "చెప్పప్పా! నోట్లో ఏం పెట్టుకున్నావు?" అని మగవాళ్లు అరుస్తున్నారు. నేను నోరు తెరిచినాను. గాలి వచ్చింది.

నా మాట ఆగిపోయేసరికి అవతలి కేకలు ఇవతలికి బాగా వినపడినాయి. "ఎడమ చేత్తో ఏయ్! ఎడమ చేత్తో ఏయ్!" అని ఆడవాళ్లంతా ఒక్క గొంతుతో. ఇవతల ఆదెన్న లేచి నిలబడినాడు. "కుడి చెయ్యే అది! కండ్లు పెట్టుకొని సూడండి!" ఇటు నుంచి నలభైమంది "కుడి" అన్నారు, అటు నుంచి యాభైమంది "ఎడమ" అన్నారు. ఎవరు విసిరినారో, నాపరాయి చెక్క ఒకటి వచ్చి తెరకు తగిలి, రాణి కడుపులో బెత్తెడు చిల్లు చేసింది. మిషన్ తిప్పే ఇమాం బాషా చెయ్యి ఆపి దీపం ఆర్పినాడు.

పొద్దున్నే మేస్త్రీలు నలుగురు వచ్చినారు. ముందర ఆదెన్న, కండ్లు ఎర్రగా. రాత్రి ఇంట్లో సంగటే లేదంట, ఏ చేతిదీ.

"సాహెబ్, ఇది నవ్వులాట కాదు. రాణిది ఏ చెయ్యో అందరి ముందర తేల్చి చెప్పండి. అంతదాకా మా గని గుంతలో చెంబెడు నీళ్లు ముంచనీయము."

నీళ్లు లేకపోతే అవతలి పక్క బొమ్మ లేదు. అవతలి పక్క లేకపోతే ఇవతలి పక్క జనంతో ఇంజన్ నూనెకు కూడా గిట్టదు. ఖాసిం సాహెబ్ వాళ్లను కూర్చోబెట్టి, తమలపాకులిచ్చి, ఈ పొద్దు ఆటలో తేలుస్తామని మాట ఇచ్చి పంపినాడు. నావైపు తిరిగినప్పుడు ఆయన చేతిలో తమలపాకు లేదు.

"తేల్చాల్సింది నువ్వు కాశన్నా. నీ నోట రాకపోతే తెల్లారి బళ్లారికి తంతి పోతాది. నీకూ తెలుసు, నాకు వేరే దారి లేదు."

ఆ మాటలు అనేటప్పుడు బసమ్మ అక్కడే చిరిగిన తెరను కుడుతోంది. సూది ఆగింది. మళ్లీ నడిచింది.

దీపాలు పెట్టే వేళకు, జనం రాకముందే, ఇమాం బాషాతో ఆరో రీలు ఎక్కించమన్నాను. తెర తడిపించినాను. తర్వాత మూడేండ్లలో ఎన్నడూ చేయని పని ఒకటి చేసినాను. తెర చుట్టూ తిరిగి, వంగి, ఆడవాళ్ల పక్కకు పోయినాను. ఆకాశమంత ఎత్తున రాణి నిలబడి ఉంది. కత్తి ఎడమ చేతిలో ఉంది.

బసమ్మ జబ్బ పట్టుకొని ఇవతలికి పిలుచుకొచ్చినాను. ఆమె ఈ పక్కకు ఎప్పుడూ రాలేదు. వచ్చి చూసింది. రాణి దూకింది, తిరిగింది, కత్తి కుడి చేత్తో విసిరింది. బసమ్మ కండ్లు ఆర్పకుండా రీలు అయ్యేదాకా చూసింది.

"ఇవతల వేసిన బొమ్మ అవతలికి దిగితే తిరగబడుతుంది" అన్నాను. గొంతు లేదు కాబట్టి చెవిలో చెప్పాల్సి వచ్చింది. పెండ్లయిన తర్వాత ఆమె చెవికి అంత దగ్గరగా ఏ మాటా చెప్పినట్టు గుర్తు లేదు.

"ఎన్ని ఊర్లు తిరిగినాము?" అన్నది ఆమె.

"శానా."

"అన్ని ఊర్లలోనూ కుడి చెయ్యేనా?"

ఛలోక్తి ఒకటి అలవాటుగా నాలుక దాకా వచ్చింది. మింగినాను. "కుడి చెయ్యే" అన్నాను.

ఆమె బిందె తీసుకొని అవతలి పక్కకు పోయింది.

ఆ పొద్దు డేరా బయట కూడా జనం నిలబడినారు. ఖాసిం సాహెబ్ ఒక పద్ధతి పెట్టినాడు: ఆరో రీలు ఒకసారి వేసి, ఆడవాళ్లను ఇవతలికి, మగవాళ్లను అవతలికి పంపి, మళ్లీ అదే రీలు వేయడం. మొదటిసారి అయిపోయింది. రెండు పక్కలా జనం మారుతుంటే తొక్కిసలాట, నవ్వులు, తిట్లు. సుంకమ్మ ఎదురుపడితే ఆదెన్న దారి ఇచ్చి తల తిప్పుకున్నాడు. రీలు రెండోసారి తిరిగింది. ఆడవాళ్లు నోరు తెరిచినారు. అవతల ఆదెన్న గొంతు, గుహలో నుంచి వచ్చినట్టు: "అరె! ఎడమే!"

తర్వాత ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. దయ్యం అన్నారు. ఇద్దరు రాణులు అన్నారు, అక్కచెల్లెండ్లంట. సాహెబ్ మోసం చేసి రెండు బొమ్మలు వేసినాడన్నారు. అందరూ నావైపు చూసినారు. సాహెబ్ కూడా. నేను బెత్తం ఎత్తినాను, నోరు తెరిచినాను. ఇరవై ఏండ్లు సంతల్లో, తిరనాళ్లలో, డేరాల్లో అరిచిన గొంతు. నేను మూడుసార్లు ప్రయత్నించినాను. ముందు వరసలో కూర్చున్న జైనాబ్ బీకి కూడా వినపడలేదు. ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని, పాపం అన్నట్టు తల ఊపింది.

బసమ్మ తెర అంచు ఎత్తుకొని బయటికి వచ్చింది. చీర ముందర అంతా తడి. అంతమంది ముందర ఆమె నిలబడి ఉండగా చూడ్డం నాకు అదే మొదలు. నేను బెత్తం ఆమె వైపు చాచినాను. అది తీసుకుంది. నా చోట నిలబడలేదు. నన్ను దాటుకొని, తెరకు అటు కొసకు పోయి నిలబడింది. ఎందుకో అప్పుడు తట్టలేదు.

"ఇది ఒకటే బొమ్మ, ఒకతే రాణి" అన్నది. గోడమీది నుంచి పక్కింటామెతో మాట్లాడే గొంతే. డేరా అంతా వినపడింది. "పలచ చీర మీద అద్దకం సూస్తాం గదా. పైపక్క సూస్తే చిలక ముక్కు ఇటుంటాది, అడుగుపక్క సూస్తే అటుంటాది. చిలక ఒకటే. ఇదీ అంతే. మిషన్ పక్క నుంచి సూస్తే కుడి, అవతలి నుంచి సూస్తే ఎడమ. మొగోళ్లూ అబద్ధం చెప్పలేదు, మీరూ చెప్పలేదు. ఎవురు సూసింది వాళ్లు చెప్పినారు. ఇంగ ఇండ్లల్లో కొట్లాడుకోవద్దండి."

చిలక మాట ఆడవాళ్లకు వెంటనే ఎక్కింది. అవతలి మగవాళ్లకు పెండ్లాలు కేకలు వేసి విడమరచి చెప్పినారు. నేనైతే అద్దాలు, వెలుగు, నీడలు అని తిప్పి తిప్పి చెప్పి ఇంకో రాయి వేయించుకునేవాణ్ణి.

అవతల నుంచి ఆదెన్న అరిచినాడు. "అంతా బాగుండాదమ్మా. అసలు మనిషి కత్తి పట్టింది ఏ చేత్తోనో, అది చెప్పు."

బసమ్మ కొంచెంసేపు తడిగుడ్డ వైపు చూసింది. అవతలి పక్కదే అసలు, ఎడమ చెయ్యే అని ఉంటే ఆ ఊళ్లో ఎవరూ కాదనేవాళ్లు కాదు. నేను కూడా.

"కుడి చేత్తోనే" అన్నది. "మిషన్ పక్కదే అసలు బొమ్మ."

మగవాళ్లు ఈలలు వేసినారు. సుంకమ్మ తన ఎడమ చేతిని ఒళ్లోకి తీసుకొని కుడి చేతిని దాని మీద పెట్టింది.

జైనాబ్ బీ కట్టె ఆనించుకొని లేచింది. "బిడ్డా, రాణిది కుడి చెయ్యి అయితే, మరి నువ్వు చెప్పిన ఆ పేలిక కత? చెయ్యి కట్టేసింది, అత్త, మొగుడు నవ్వేది, అదంతా ఎవురిది?"

"నాది" అన్నది బసమ్మ.

"నీదా?"

"నాదేనవ్వా. అత్త పోయింది. మొగుడు ఆడ నిలబడుకోనుండాడు."

రెండు వందల కండ్లు నావైపు తిరిగినాయి. జీవితమంతా నన్నే చూడాలని నేను అరిచి అరిచి అడిగిన కండ్లు అవి. గొంతు ఉన్నా ఆ పొద్దు నవ్వించేవాణ్ణి కానేమో, తెలియదు.

అప్పుడు చూసినాను, బెత్తం ఆమె ఎడమ చేతిలో ఉంది. ఎడమ చేత్తో తెరను చూపించాలంటే నిలబడాల్సింది అటు కొసనే. జైనాబ్ బీ కూడా చూసింది. కట్టె పక్కన పెట్టి కూర్చుంది. ఆమె వెనక సుంకమ్మ ఒళ్లోని కుడి చెయ్యి తీసేసింది.

"తెర ఆరిపోతాండాది" అన్నది బసమ్మ, నావైపు చూడకుండా. "ఏడో రీలు వేసే లోపల ఎవురన్నా నీళ్లు చల్లండి."

ఎవరన్నా అంటే ఎవరో నాకు అర్థమైంది. తెర చుట్టూ తిరిగి అవతలికి పోయినాను. మగవాళ్లు ఇంకా అక్కడే, ఆడవాళ్ల చోట్లలో కూర్చుని ఉన్నారు, లేవడానికి ఎవరికీ ఓపిక ఉన్నట్టు లేదు. ఆదెన్న జరిగి నాకు దారి ఇచ్చినాడు. బిందెలో నీళ్లు సగముండినాయి. దోసిలితో చల్లినాను. గని నీళ్లు, పచ్చి వాసన. గుడ్డ మీద మళ్లీ గుర్రం లేచింది, ముసుగు లేచింది, కత్తి ఎడమ చేతిలో లేచింది. ఆ బొమ్మకు ఒక కొసన బసమ్మ నీడ పడింది. పొడుగాటి బెత్తం, దాన్ని పట్టుకున్న చెయ్యి. నేను వెనక నుంచి చూస్తున్నాను గదా అని ఆ చెయ్యిని ఒకటికి రెండుసార్లు చూసినాను. ఎడమ చెయ్యే. బొమ్మ తిరగబడుతుంది గానీ, నిలబడిన మనిషి చెయ్యి ఏ పక్క నుంచి చూసినా మారదు.

సాహెబ్ బళ్లారికి తంతి కొట్టలేదు. వానలు పడేదాకా, పడినాక జమ్మలమడుగులో, ఆ తర్వాత ప్రొద్దుటూరులో, బెత్తం ఆమె పట్టుకుంది, బిందె నేను మోసినాను. నా గొంతు పూర్తిగా ఎప్పుడూ తిరిగి రాలేదు. రెండేండ్లకు మా దాకా టాకీలు వచ్చి ఇద్దరి పనీ పోయింది. ఇది జరిగి పద్నాలుగేండ్లు. ఇప్పటికీ ఎర్రగుంట్ల మీదుగా రైలు పోతుంటే గని ఆడవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకొని తలెత్తి చూస్తారు. బసమ్మ కిటికీలో నుంచి చెయ్యి ఊపుతుంది.

ఏ చెయ్యో చెప్పాల్సిన పని లేదు.